మా అత్త నడుముకు కట్టుకున్న గంట

మొన్న బాసగూడ బజారు రోజున పశువులకు షివిర్ పెట్టారు, అంటే గాలికుంటు రాకుండా సూదులు వేసే క్యాంపన్నమాట. అంతవరకు మంచిదే, నేను తెల్లారి లేచి ఆవునూ దూడనూ తోలుకుని అందరికంటే ముందే వెళ్ళి నిలబడ్డాను. కానీ జీపు మీద కట్టిన మైకు ఊరుకోదు కదా, బేజుబాన్ జానవర్లను కాపాడుకోండి అని హిందీలోనూ, మాలాంటి వాళ్ళ కోసం మూగజీవాలను కాపాడుకోండి అని తెలుగులోనూ, పొద్దెక్కేదాకా అదే పాట. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. డాక్టరు బాబు మీద నాకేమీ కోపం లేదు, మెత్తని చెయ్యి, సూది పడిన సంగతి ఆవుకే తెలియలేదు. చెవికి నంబరున్న పసుపు బిళ్ళ వేశాక మెడ తడిమి చూసి, తాడు ఒరుసుకుని పుండు పడుతోందనీ, బిళ్ళ వచ్చేసింది కాబట్టి ఇక మెడలోని ఆ కర్రముక్క తీసేయవచ్చనీ అన్నాడు. అది కర్రముక్క కాదు, కర్రగంట, తాడు మారుస్తాను గానీ గంట విప్పనన్నాను. ఆయన నవ్వి పక్క ఆవు దగ్గరికి వెళ్ళిపోయాడు, నేను ఇంటికొచ్చేదాకా సణుగుతూనే ఉన్నాను.

మూగవట. ఈ మాట పుట్టించినవాడెవడో గానీ ఒక్క పూటైనా మంద వెంట నడిచి ఉండడు. తాలిపేరు ఏటికి అటూ ఇటూ పశువుల వెనక తిరిగి పెరిగిన మన ఈడువాళ్ళకు నా కోపం అర్థమవుతుందని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మా పిల్లలు హిందీ బడుల్లో చదివారు, వాళ్ళకు ఈ అక్షరాలు రావు, కనుక ఇది మీకూ నాకూ మధ్య మాట.

నేను పుట్టింది చర్ల వైపు. హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివి, తాలిపేరు ఏరు దాటి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. ఇంట్లో తెలుగు, ఇరుగుపొరుగుతో దోర్లి, బజారులో హిందీ, ఎవరికి ఏది అందితే అది మాట్లాడుకునే ఊరు ఇది. మా అత్త మాత్రం పశువులతో ఈ మూడూ కాని ఇంకో భాష మాట్లాడేది, నాలుకను అంగిటికి కొట్టి, ముక్కుతో గాలి వదిలి, గొంతులోనే ఏదో మూలిగి. కొత్తకోడలిని కదా, మొదట్లో నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. ఆమె కోప్పడలేదు, ఒకనాడు నన్ను పెరట్లో కూర్చోబెట్టి కళ్ళు మూసుకొమ్మంది.

కోడి ఎప్పుడూ ఒకేలా అరవదని అప్పుడు తెలిసింది నాకు. పైన గద్ద తిరుగుతుంటే సన్నగా సాగదీసి ఒక కేక, నేల మీద పిల్లో ముంగిసో వస్తుంటే ముక్కలు ముక్కలుగా ఇంకో కేక. మొదటిదానికి కోడిపిల్లలు చెట్టు కిందికి దూరి కదలకుండా పడుకుంటాయి, రెండోదానికి తలలెత్తి చెదిరిపోతాయి. అడవి అంచున కొండముచ్చు గట్టిగా దగ్గినట్టు అరిస్తే దుప్పులు మేత ఆపుతాయి, దుప్పి కూత పెడితే మా ఆవులు చెవులు అటు తిప్పుతాయి, చిరుత ఏ దారి పట్టిందో మాకు కబురు అలా చేతులు మారి అందేది. ఈనిన ఆవు నోరు తెరవకుండా గొంతులోనే సన్నగా మూలుగుతుందని, ఆ మూలుగు తన దూడకే తప్ప ఇంకెవరికీ కాదని కూడా ఆ పెరట్లోనే చెప్పింది మా అత్త. ఇన్ని మాటలున్నవాటిని మూగవని మైకు పెట్టి చెప్పడమేమిటో.

గంట సంగతికి వస్తాను. మావైపు ఆవు మెడకు కట్టేది ఇత్తడి గంట కాదు, కర్రగంట. గుమ్మడిటేకు ముక్కను తొలిచి, లోపల చేవదేరిన రెండు కర్రపుల్లలు వేలాడదీస్తారు. ఏ ఇంటి గంటను ఆ ఇంటివాళ్ళే చెక్కుకోవాలి, కొనకూడదు, అరువు తేకూడదు, అది ఇక్కడి ఆచారం. మా మామ చెక్కడానికి కూర్చున్నాడంటే ఇక పిలిచినా పలకడు, కాస్త తొలచడం, చెవి దగ్గర ఆడించి వినడం, మళ్ళీ కాస్త తొలచడం, పక్కింటి గంటకు దగ్గరగా మోగిందా, పొయ్యిలో పారేసి మళ్ళీ మొదటి నుంచి. మందలో అన్నిటికీ గంట ఉండదు, ముందు నడిచే ఆవుకే కడతారు. మాకు ఆ ఆవు పుల్లావు, ఒక కొమ్ము కిందికి వంగి, చూడడానికి ఏమంత గొప్పగా ఉండేది కాదు, కానీ గుబురు అడవిలో ఒకదానికొకటి కనపడకపోయినా దాని గంట ఎటు మోగితే మంద అటు నడిచేది. పశువు తప్పిపోతే వెతుక్కోవడానికే గంట అని నేననుకునేదాన్ని. మా అత్త ఒప్పుకునేది కాదు.

“మనకేందే, మనం కండ్లు పెట్టుకొని ఎతుక్కుంటం. గంట వాటికి,” అనేది.

తర్వాత తుపాకుల భయానికి ఊళ్ళు ఖాళీ అయిన ఏళ్ళు వచ్చాయి. ఆ ఏళ్ళ గురించి మన ఈడువాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. తర్రెం, బాసగూడ, జగర్గుండా, ఏ పేరు ఎత్తినా అక్కడ తలుపులు దగ్గరికి వేసి వెళ్ళిపోయిన చుట్టం ఒకరు ఉండనే ఉంటారు. మేమూ మూటలు కట్టుకున్నాం. పశువులను వెంట తోలుకెళ్ళే వీలు లేదు, అడవిలో వదలక తప్పలేదు. గంట ఉంచితే మోత విని ఎవరైనా తోలుకుపోతారని మామ పలుపు తాళ్ళతోపాటు పుల్లావు గంట కూడా విప్పేశాడు. అది లేకుండా అవి ఒకదాన్నొకటి ఎట్లా పట్టుకుని ఉంటాయని మా అత్త అడుగుతూనే ఉంది. మోయగలిగినంత బియ్యం మోసుకొమ్మంటే ఆమె ఆ గంటను పాతచీరలో చుట్టి చంకన పెట్టుకుంది, ఏరు దాటేదాకా మామ తిడుతూనే ఉన్నాడు.

చర్ల అవతల మిరప తోటల్లో కూలికి కుదిరాం. వానలు వచ్చాయి, పోయాయి, మళ్ళీ వచ్చాయి. గుడిసె వాసానికి ఆ గంట వేలాడుతుండేది, ఈదురుగాలి కొడితే మోగేది, మోగినప్పుడల్లా మా అత్త చేతిలో పని ఆపి అటు చూసేది. మా ఆయనకు ఆ చప్పుడంటే చిరాకు, నాకు దిగులు.

ఇక తిరిగి వెళ్ళవచ్చని కబురు తెలిసిన వేసవిలో ఊరు చేరాం. ఇంటి కప్పు సగం కూలింది, పొలం నిండా తుప్పలు. వాటికి మేం భయపడలేదు, చేతులున్నాయి, గొడ్డలి ఉంది. దుక్కికి ఎడ్లే లేవు. మామ తెగేసి చెప్పాడు, తొలకరిలోపు పశువులు దొరికితే ఉందాం, దొరక్కపోతే కూలీలను ఎక్కించుకుపోయే మేస్త్రీ బండి వచ్చినప్పుడు ఎక్కి మళ్ళీ మిరప తోటలకే పోదాం, ఈసారి పోతే ఇక రావడమంటూ ఉండదు అని. మా ఆయనా మరిదీ సరేనన్నారు. మా అత్త గంటను మూటలోంచి తీసి దుమ్ము తుడిచింది.

మంద ఉన్న మాట నిజమే. ఏటి ఇసుకలో గిట్టల గుర్తులుండేవి, పేడ ఉండేది, ఒక సాయంత్రం అవతలి ఒడ్డున నీళ్ళు తాగుతూ కనిపించాయి కూడా. వంగిన కొమ్మును నేనే ముందు గుర్తుపట్టాను, ప్రాణం లేచొచ్చింది. అందరం పేరు పెట్టి పిలుస్తూ, మరిది గంటను చేత్తో లొటలొట ఆడిస్తూ పరుగెత్తాం. అంతే, తోకలెత్తుకుని అడవిలో పడ్డాయి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మనిషి గొంతు వినపడితే పారిపోవాలని ఆ ఏళ్ళలో వాటికి తెలిసిపోయింది, నేర్పింది మనుషులే. ఊళ్ళో అందరూ అవి అన్నీ మరిచిపోయి అడవిగొడ్లయిపోయాయన్నారు. మా అత్త మాత్రం మరిది చేతిలోంచి గంట లాక్కుంది.

“మరిచింది ఏం లేదు. మన గొంతంటే నమ్మకం పోయింది వాటికి. చేత్తోని ఊపితే అది మనిషి మోతరా, ఆవు నడిస్తే వచ్చే మోత ఏరే ఉంటది,” అంది.

మర్నాటి నుంచి ఆ గంటను పలుపు తాడుతో తన నడుముకే కట్టుకుంది. మిరప తోటల దగ్గర అలవాటైన సబ్బు మానేసింది. కూలిన కొట్టంలో పాత పేడ మీద గోనె పరుచుకుని పడుకుంది. తలకు రాసుకున్న వాసన నూనె వాటికి కోసు దూరం నుంచే తెలుస్తుందని నన్ను వెంట రానివ్వలేదు, నేను ఆ రోజే నూనె సీసా అటక మీద పెట్టేశాను. గాలి ఎటు వీస్తుందో చూసుకుని, గాలికి ఎదురుగా నడుచుకుంటూ వెళ్ళి, ఏటి ఒడ్డున తుప్పల్లో నాలుగడుగులు వేసేది, ఆగేది, తల వంచుకుని నిలబడేది, మళ్ళీ రెండడుగులు వేసేది, అచ్చం మేసే ఆవు నడిచినట్టే. నోరు మాత్రం విప్పేది కాదు.

నవ్వనివాళ్ళు లేరు. “పిల్లి మెడల గంట ఎవరు కట్టాలె అంటరు గానీ, మా అమ్మ తన నడుముకే కట్టుకుంది,” అని మరిది. పరువు తీస్తున్నావని మామ. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళయితే మీ అత్తకు కుడితి పెట్టావా అని నన్నే అడిగారు. నేను ఊరుకోలేదు, మీ మొగుళ్ళంతా గొంతు చించుకుని అరిచి ఒక్క మేకనైనా తోలుకొచ్చారా అని అడిగాను, బిందె నెత్తిన పెట్టుకుని వచ్చేశాను. పగలంతా ఎండలో అలా తిరిగి తిరిగి సాయంత్రానికి నడుము పట్టేసి వంగిపోయి వచ్చేది, ఆ తాడు ఒరుసుకుని తుంటి దగ్గర చర్మం లేచిపోయింది. ఆముదం రాస్తుంటే చూసి నాకు ఏడుపు ఆగేది కాదు.

మబ్బు కమ్మిన ఒక ఉదయం మేస్త్రీ బండి రానే వచ్చింది, ఊరి బయట ఆగింది. మామ మూటలు కట్టించి, మీ అత్తను పిలుచుకురా పో అని నన్ను పంపాడు. ఏటి ఒడ్డుకు వెళ్ళేసరికి ఆమె తుప్పల్లో తల వంచుకుని నిలబడి ఉంది. అవతల, నీళ్ళలోకి ముందుకాళ్ళు పెట్టి పుల్లావు. దాని చెవులు రెండూ ఇటే తిరిగి ఉన్నాయి. నేను చెట్టు చాటున ఆగిపోయాను. మా అత్త రెండడుగులు వేసింది, గంట మోగింది, ఆవు ఇంకాస్త నీళ్ళలోకి దిగింది, వెనకాల ఒకటొకటిగా మిగిలినవి కనిపించాయి. సరిగ్గా అప్పుడే ఊరి బయట బండి హారను కొట్టింది. మందంతా ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఇంకెవరైనా అయితే పుల్లావా పుల్లావా అని అరిచి ఉండేవాళ్ళు. మా అత్త తల కూడా ఎత్తలేదు. నాలుగడుగులు, ఆగడం, రెండడుగులు. ఎప్పటి నడకే. పుల్లావు ముట్టె పైకెత్తి గాలి పీల్చింది, తర్వాత నోరు తెరవకుండా గొంతులోనే మూలిగింది, దూడకు తప్ప ఇంకెవరికీ చేయదన్న ఆ మూలుగు. నా చెవులతో నేను విన్నాను, కాదన్నవాళ్ళతో ఈ రోజుకీ వాదిస్తాను. ఆ మూలుగుకు వెనక్కి తిరిగినవి ఆగాయి.

మా అత్త ఊరివైపు తిరిగి నడక మొదలుపెట్టింది, ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. వెనక పుల్లావు, దాని వెనక దుక్కిటెద్దు, ఆ వెనక అడవిలోనే పుట్టి, గంట ఎరగని, మనిషి చెయ్యి తగలని పడుచు దూడలు, తల్లి వస్తోంది కాబట్టి తామూ వస్తూ. ఊళ్ళో నవ్వినవాళ్ళే పక్కకు జరిగి దారి ఇచ్చారు. మా అత్త కొట్టంలోకి తానే ముందు వెళ్ళింది, అవి వెనకే వెళ్ళాయి. మామ కట్టిన మూటలు విప్పుతూ పిల్లవాడిలా ఏడ్చాడు. బండి మేం లేకుండానే వెళ్ళిపోయింది. రెండో ఎద్దు ఏమైందో ఎప్పటికీ తెలియలేదు, పొరుగింటి దోర్ల రైతు తన ఎద్దును జతకిస్తే తొలకరికి దున్నుకున్నాం. అత్త నడుము నుంచి గంట విప్పి మెడకు కట్టబోతే కొమ్ము విసురుతుందేమోనని భయపడ్డాం గానీ, పుల్లావు మెడ చాచి నిలబడింది.

ఇప్పుడు ఆ అత్త లేదు, ఆ ఆవూ లేదు. నల్లటి సడక్ వచ్చింది, దాన్ని నేను తిట్టను, పురుడొస్తే మంచం మీద మోసుకెళ్ళిన రోజులు నాకు తెలుసు. ట్రాక్టర్లు దున్నుతున్నాయి, మందలు అమ్ముకున్నారు, మిగిలిన ఒకటీ అరా ఆవుల మెడల్లో బజారులో కొన్న రేకు గంటలు, ఏ ఇంటిదైనా ఒక్కలాగే మోగుతాయి. మా ఆయన చెక్కబోతే చప్పుడు కుదరలేదు, మామ చేతి పని మామతోనే పోయింది. మా ఆవు పుల్లావు కడుపున పుట్టిన వరసలోది, దాని మెడలోది మామ చెక్కిన ఆ గంటే, పగిలిన చోట తీగ చుట్టాం. డాక్టరు బాబు చూపించిన పుండుకు పసుపు పెట్టి, కొత్త తాడు తెచ్చి, దానికి మా అత్త పాతచీర పేలిక మెత్తగా చుట్టాను.

సాయంత్రం పూట లారీల మోతలో ఆ గంట నాకు వినపడదు, నా చెవులూ మునుపటిలా లేవు. ఒకప్పుడు గుమ్మంలో కూర్చుని ఏ మంద ఏ వాగు దాటుతోందో చెప్పగలిగేదాన్ని, ఇప్పుడు వినడానికి మందలే లేవు. అయినా కొట్టంలో కట్టేసిన దూడ ముందు చెవులు తిప్పుతుంది, తర్వాత లేచి నిలబడుతుంది, అది నిలబడిన చాలాసేపటికి గానీ ఆవు సడక్ మలుపులో కనపడదు. పసుపు బిళ్ళ ఆఫీసు కోసం, ఉండనీ. ఆ దూడ అలా లేచి నిలబడుతున్నన్నాళ్ళూ ఆ గంటను నేను విప్పను, ఇంకొకరిని విప్పనివ్వను.