గేటు మీద రాత

తెలంగాణ ఉద్యమం రోజుల్లో తార్నాకలో మా సందు వాళ్ళకి ఒక అలవాటు అయింది. పొద్దున్నే కాఫీ కంటే ముందు యూనివర్సిటీ వైపు చెవి పెట్టి వినేవాళ్ళం. పోలీసు వ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంటే బకెట్లో నీళ్ళు, తడి తువ్వాళ్ళు వరండాలో సిద్ధం చేసుకునేవాళ్ళం. టియర్ గ్యాస్ మనది ఏ ప్రాంతమని అడిగి రాదు కదా.

మాది కోస్తా. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడే ఉన్నాం. క్యాంపస్ హాస్టల్లో వంట చేసే ఆడవాళ్ళకి, మధ్యాహ్నం వడ్డనలు అయ్యాక ఆ మెస్‌లోనే చదువు చెప్పేదాన్ని. గొడవలు ముదిరి క్యాంపస్ గేట్లు మూసేశాక ఆ తరగతి మా వరండాలోకి వచ్చింది.

"మనం ఆంధ్రావాళ్ళం. ఇప్పుడీ మేళం అవసరమా?" అని మా ఆయన విసుక్కున్నారు. ఎవరైనా వద్దంటే నాకు పంతం ఇంకా ఎక్కువవుతుంది.

చదువుకోడానికి వచ్చేవాళ్ళలో ఒక పెద్దావిడ సీతాఫల్‌మండి నుంచి నడిచి వచ్చేది. మనవరాళ్ళున్న మనిషి. ఎవరినీ అడక్కుండా బస్సు బోర్డు చదివి ఎక్కాలని ఆమె కోరిక.

ఒక బంద్ నాడు పక్క సందులో మా ప్రాంతం వాళ్ళ ఇంటి కిటికీ అద్దాలు పగిలాయి. మర్నాడు తలుపు తీసేసరికి మా గేటు మీద సున్నంతో పెద్ద పెద్ద అక్షరాలు: జై తెలంగాణ. పక్కనే పెద్దావిడ, చేతులనిండా సున్నంతో.

"ఇగ మీ ఇంటి మీదికి ఒక్క రాయి రాదు టీచరమ్మా. నేనే రాసిన" అంది.

పలక దాటి ఆమె రాసిన మొదటి రాత అది. మా ఆయన తుడిచెయ్యమన్నారు, నేను తుడవనివ్వలేదు. సంతోషంతో ఏడ్చాను కూడా. కానీ ఆ అక్షరాలు సందు చివరి నుంచి కూడా కనపడుతున్నాయి.

రాయి నిజంగానే రాలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం తరగతి జరుగుతుండగా క్యాంపస్ వైపు గ్యాస్ గుండ్లు పేలాయి. కళ్ళు మండిపోతూ పరుగెత్తుకొచ్చిన కుర్రాళ్ళు గేటు మీది రాత చూసి, తమవాళ్ళ ఇల్లనుకుని లోపలికి దూరి, వెనక గోడ దూకి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకే వచ్చిన పోలీసులూ ఆ రాత చూసే ఆగారు.

"గీడ ఎవ్వరు లేరు సార్, మేం సదువుకుంటున్నం" అని పెద్దావిడ గేటుకి అడ్డంగా నిలబడింది.

"ఇది రాసిందెవరు?" అన్నాడు ఒకడు.

నేను నోరు తెరిచేలోపే ఆమె "నేనే" అంది. కాస్త గర్వంగానే అంది, పిచ్చి తల్లి. లాఠీ ఆమె కుడి చేతి మీద పడింది.

కొన్నాళ్ళకి కట్టుతోనే మళ్ళీ వచ్చింది. చేతిని ఒళ్ళో పెట్టుకుని ఎప్పటి చోటే కూర్చుంది. నాకు ఆమె మొహం చూడాలంటేనే భయమేసింది.

"గది రాస్తే రాళ్ళు రాలే, లాఠీ వచ్చింది. రెండూ రాకుంట ఉండాలంటే ఏం రాయాలె టీచరమ్మా?" అని, పాఠంలో తెలియనిది అడిగినట్టే అడిగింది.

అందరూ పలకలు పట్టుకుని నా వైపే చూస్తున్నారు. అంతలో సందు మొదట్లో వ్యాన్ వచ్చి ఆగిన చప్పుడైంది. నేను లేచి బకెట్ నింపడానికి వెళ్ళాను.