నాలుగో పాటలో టక్ టక్

మా మామయ్యకి సంగీతం తెలియదు. తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. ఆయన నోటు పుస్తకాల ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఐదు మిషన్లు, ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు, ఒక పొడవాటి స్క్రూడ్రైవరు. దాని మొనను మిషన్ మీద ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకి నొక్కిపెట్టి కళ్లు మూసుకుంటాడు. లోపల ఏది అరిగిందో, ఏది వదులైందో, ఇంకెన్నాళ్లు లాగుతుందో చెప్పేస్తాడు. అందుకే ఫ్యాక్టరీలో ఆయన పేరు స్టెతస్కోపు. ఆయన చెయ్యెత్తితే మిషన్ ఆగాల్సిందే. ఎందుకని సూపర్‌వైజరు కూడా అడిగేవాడు కాదు.

"పెళ్లయిన కొత్తలో నేనేదో కష్టం చెప్పుకుంటుంటే 'ఉండు, ఉండు' అని లేచెళ్లారు. నీళ్లు తెస్తారేమో అనుకున్నా. కుట్టుమిషన్‌కి నూనె వేసొచ్చారు" అంటుంది అత్తయ్య.

నేను డిగ్రీ రెండో ఏడాదిలో వదిలేసి, ఎక్కడా రెండు నెలలు నిలవక, మామయ్య ఇంట్లోనే ఉంటూ, ఆయన మాట మీదే అక్కడ ప్యాకింగులో చేరాను. ఆ నెలలోనే 'తుప్పు' బ్యాండు మొదటి ఆల్బమ్ వచ్చింది. నలుగురు కుర్రాళ్లు, తొమ్మిది పాటలు. ఇనప బీరువాని మెట్ల మీంచి దొర్లిస్తుంటే, దాన్లో ఇరుక్కున్నవాడు ప్రాణం పెట్టి అరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అంత బాగుంటుంది.

మా ఫ్యాన్స్ గ్రూపులో వారం రోజులు ఒకటే రభస. నాలుగో పాట మధ్యలో అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. పదకొండు సెకన్ల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో సన్నగా టక్, టక్, టక్. ఏమిటది? డ్రమ్ము అంచు మీద పుల్ల అని ఒకడు. గాయకుడి గుండె చప్పుడని ఒకడు. చావు తలుపు తడుతోందని ఒకడు మూడు పేజీలు రాశాడు. డ్రమ్మరుని అడిగితే "మీకేది అనిపిస్తే అదే" అన్నాడు. దాంతో మాకు ఇంకా పిచ్చెక్కింది.

ఒక మధ్యాహ్నం నేను చిన్న స్పీకరు తెచ్చి, ఆ పదకొండు సెకన్లే మళ్లీ మళ్లీ మోగేలా పెట్టుకుని, ప్యాకింగు బల్ల కింద ఇనప స్టాండు మీద పెట్టాను. ఆ స్టాండు మూడో మిషన్‌కే బిగించి ఉంటుందని నాకు తట్టలేదు. అటుగా వచ్చిన మామయ్య అలవాటుగా మూడో మిషన్‌కి స్క్రూడ్రైవరు ఆనించి, మొహం చిట్లించి, చెయ్యెత్తాడు.

మిషన్ ఆగింది. నేను హడలిపోయి పాట ఆపేశాను.

సాయంత్రం దాకా విప్పారు. ఒక్కో బేరింగునీ కడిగి, తిప్పి, వెలుతురులో చూశారు. అన్నీ కొత్త పెళ్లికొడుకుల్లా నిగనిగలాడుతున్నాయి.

సూపర్‌వైజరు అందరి ముందే అన్నాడు: "పెద్దాయనా, ఏమీ అనుకోకు. చెవులు చూపించుకో. అంతవరకూ నువ్వు చెయ్యెత్తినా నేను సరేనంటేనే మిషన్ ఆగుతుంది."

మామయ్య తల వంచుకుని స్క్రూడ్రైవరు తుడుచుకున్నాడు. నేను నోరు విప్పలేదు. అది నా తప్పని తెలిసీ విప్పలేదు.

ఆ తర్వాత ఆయన మిషన్ల దగ్గర నిలబడి, చెయ్యి సగం దాకా లేపి, దించేసుకోవడం రెండుసార్లు చూశాను. ఇంట్లోనైతే కుళాయి సన్నగా తిప్పి, చుక్క పడుతుంటే ఒక్కో గదిలోకి వెళ్లి వినపడుతోందో లేదో చూసుకునేవాడు.

"ఏంటండీ, ఇక కాపురం కుళాయితోనేనా?" అంది అత్తయ్య.

"వినపడుతోందే. మరి అక్కడ వినపడింది ఏంటి?"

ఇక నా వల్ల కాలేదు. చెప్పేశాను. అత్తయ్య చేతిలో గరిటె ఉంది కాబట్టి తలుపు దగ్గర నిలబడే చెప్పాను.

మామయ్య తిట్టలేదు. "ఏదీ, పెట్టు" అన్నాడు.

స్పీకరుని ఇనప పెట్టె మీద పెట్టించి, స్క్రూడ్రైవరు ఆనించాడు. నాలుగుసార్లు విన్నాడు. అరుపులు వచ్చినప్పుడు మొహంలో ఏ మార్పూ లేదు. నిశ్శబ్దం రాగానే ఆయన కనుబొమలు కదిలాయి.

"డ్రమ్మేంట్రా, నీ మొహం. బేరింగది. చిన్న మోటారు. లోపల గుండొకటి చిట్లింది. ఈ మోటారెక్కడుంది?"

"ఎక్కడా లేదు మామయ్యా, అది పాట."

"పాటలో లేదు, గదిలో ఉంది. ఉంటే నా చెవి బాగున్నట్టు. లేకపోతే ఆ సూపర్‌వైజరు మాటే నిజం. పద, చూసొద్దాం."

మామయ్య అన్నది గ్రూపులో పెట్టాను. "మీ మామయ్యకి పంచర్ షాపుందా బ్రో?" అని మొదలెట్టి ఎడాపెడా వాయించారు. డ్రమ్మరు మాత్రం ఒకే ముక్క రాశాడు: "ఆదివారం తీసుకురా."

వాళ్లు వాయించేదీ, పాటలు రికార్డు చేసిందీ ఒక కారు షెడ్డులో. చప్పుడు బయటికి పోకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. నల్ల చొక్కాల్లో ఇరవై మంది ఫ్యాన్స్, మధ్యలో ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో మామయ్య.

"ఇక్కడ మోటారంటూ ఏదీ లేదు అంకుల్. రెండేళ్లుగా ఇక్కడే వాయిస్తున్నాం" అన్నాడు డ్రమ్మరు. పిల్లాడు చాలా మర్యాదస్తుడు. వేదిక మీద చూస్తే అనుకోం.

"లైటెయ్యి బాబూ."

లైటు వేశాడు. మామయ్య స్క్రూడ్రైవరు గోడకి ఆనించి, అడుగు అడుగుకీ ఆగి వింటూ వెళ్లాడు. నవ్వేవాళ్లు నవ్వారు. మూడో గోడ దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు కదలలేదు.

"ఈ అట్టలు పీకండి."

పీకారు. వెనక గోడ కన్నంలో మసి పట్టిన ఎగ్జాస్టు ఫ్యాను, తన మానాన తను తిరుగుతోంది. లైటు స్విచ్చుకే దాన్నీ కలిపేశారెవరో. డ్రమ్మరు లైటు ఆపాడు, చప్పుడు ఆగింది. వేశాడు. టక్, టక్, టక్.

ఇక మొదలైంది గోల! పాటలు విని కూడా వాళ్లు అంతలా అరవలేదు. మూడు పేజీలు రాసినవాడు ఫ్యానుని రెండు చేతులతో ముట్టుకున్నాడు.

మామయ్య నింపాదిగా సంచిలోంచి పానా తీశాడు. ఇరవై గొంతులు ఒక్కసారే: "వద్దంకుల్! అదే మా నాలుగో పాట!"

"ఇలాగే వదిలేస్తే మోటారు కాలిపోతుందర్రా."

"రెండో ఆల్బమ్ అయ్యేదాకా ఆగుతుందా?" అని డ్రమ్మరు అడిగాడు.

మామయ్య మళ్లీ పిడి చెవికి ఆనించి లెక్కేశాడు. "రోజుకి మూడు గంటలకి మించి తిప్పకపోతే ఆర్నెల్లు. తొందరగా కానివ్వండి." పానా సంచిలో వేసేశాడు. చప్పుడు చేస్తున్న మోటారుని ఆయన అలా వదిలి రావడం నేను చూడటం అదే మొదలు.

సోమవారం నేను ముందుగా వెళ్లి సూపర్‌వైజరుకి జరిగిందంతా చెప్పేశాను. స్పీకరు లాక్కున్నాడు, నన్ను పనిలోంచి తీసేశాడు. న్యాయమే. గేటు దాటబోతుంటే లోపల ఐదో మిషన్ ఆగింది. తొంగి చూశాను. మామయ్య చెయ్యి పూర్తిగా పైకి లేచి ఉంది.

"చెవులు చూపించుకున్నావా?" సూపర్‌వైజరు గొంతు కాస్త తగ్గే ఉంది.

"ఆదివారం చూపించుకున్నా. ఇరవై మంది చూశారు. గేరు పక్క బేరింగు విప్పించండి."

విప్పారు. ఏం బయటపడిందో సాయంత్రం ఆయన చెప్పలేదు, నేను అడగనూ లేదు. ఇంటికొస్తూనే విజిలేస్తూ కాళ్లు కడుక్కున్నాడు, అంతే. తర్వాత కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"పని పోగొట్టుకుని ఖాళీగానే ఉన్నావుగా. మిగతా ఎనిమిది పాటలూ పెట్టు. వాటిల్లో ఏమేం పాడైపోయాయో చూద్దాం."