గుండు కింద గుండె చప్పుడు

మంగలి దుకాణంలో పటిక వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా చెవిలో హుష్ హుష్ అని ఒక చప్పుడు మొదలవుతుంది. ఒకప్పుడు ఆ చప్పుడు వినకుండానే కత్తి పట్టబోయిన తెలివితక్కువవాణ్ణి నేను. వైద్యంలో పట్టా వచ్చింది గానీ పట్టు ఇంకా రాలేదు.

తెలంగాణ ఉద్యమం ఉప్పెనలా ఉన్న రోజులవి. జనగామ నుంచి వెళ్లి భూపాలపల్లి దవాఖానలో కొత్తగా సర్జన్‌గా చేరాను. అక్కడి పెద్ద డాక్టరు ఖలీల్ సార్‌ది మహబూబాబాద్. సమ్మెలో ఉన్నా రోగులను వదలలేక, దవాఖాన ముందే టెంటు వేసి చూసేవాళ్లం. పక్క టెంటులో రోజుకో నిరసన. ఒకనాడు రోడ్డు మీద వంటావార్పు, ఇంకోనాడు వరసగా గుండ్లు గీయించుకోవడం. ఆ గుండ్ల రోజున చెల్పూర్ ఊరి నుంచి వచ్చిన మల్లేశం వంతు సగంలో ఉండగా మంగలి సాయన్న చెయ్యి ఆపేశాడు. జుట్టు పోయిన చోట ఉసిరికాయంత ఎర్రటి గడ్డ తేలింది.

"కొవ్వుగడ్డ. లోపలికి రా, గిప్పుడే తీసేస్త" అన్నాను, చేతికి తొడుగులు వేసుకుంటూ.

"జర ఆగు భాయ్" అంటూ సార్ వచ్చారు. గడ్డ మీద రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నారు. తర్వాత స్టెతస్కోపు తీసి ఆ గుండు మీద పెట్టారు. టెంటంతా గొల్లుమంది.

"ఏంది సార్, మల్లన్నకు గుండె నెత్తికెక్కిందా?" అన్నాడు సాయన్న.

సార్ నవ్వకుండా గొట్టాలు నా చెవులకు తగిలించారు. నాడి కొట్టుకున్నప్పుడల్లా హుష్... హుష్... తొడుగులు తీసేశాను. గడ్డ నిండా నెత్తురు పారుతోంది. కోసి ఉంటే ఆపడం నా తరం అయ్యేది కాదు.

"మల్లేశం, అంగీ లేపు" అన్నారు సార్. నడుము పక్కన పొడవాటి పాత కుట్లు.

"కిడ్నీల గడ్డ ఉన్నదని ఒక కిడ్నీ తీసేసిన్రు సార్. అప్పుడు మా బిడ్డ బడికి గూడ పోతలేదు, గిప్పుడు కాలేజీల ఉన్నది. అయిపోయిందన్నరు గద?"

సార్ నన్ను పక్కకు పిలిచారు. "కిడ్నీ క్యాన్సర్‌కు తొందరుండదు బేటా. ఏండ్లకేండ్లు సప్పుడు చెయ్యక, ఎక్కడనో లేస్తది. నాలిక మీద, ముక్కుల, గిట్ల నెత్తి మీద. నెత్తురు బాట దొరికితే చాలు."

నడుము దగ్గర బయలుదేరి నడినెత్తికి చేరిన ఆ వ్యాధి ప్రయాణం ఒక అబ్బురం. దాన్ని రెండు వేళ్లతో పట్టిన ఈ మనిషి అంతకన్నా అబ్బురం.

"తెలంగాణ వచ్చేదాకన్న ఉంటనా సార్?" అన్నాడు మల్లేశం.

"వచ్చినంక దావత్ ఎవరిస్తరు మరి? ముందు హైదరాబాద్ పో" అని సార్ నా భుజం తట్టారు. "మా డాక్టర్ సాబ్ వేళకు ఆగిండు. గాయనకు పెట్టు దండం."

హైదరాబాద్‌లో ముందు రక్తనాళాలు మూసి, ఆ తర్వాత గడ్డ తీశారు. మందులు సాగాయి. మల్లేశం కనిపించినప్పుడల్లా నాకు దండం పెట్టేవాడు. నాకది దండం కాదు, దండన. ఇప్పటికీ ఏ గడ్డ ముందైనా నా నోటికన్నా ముందు నా వేళ్లు పోతాయి.

రాష్ట్రం వచ్చింది. మల్లేశం శాలువా పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆనాడు నేను కోయబోతే ఆపింది సారేనని చెప్పి, రిటైరై మహబూబాబాద్‌లో ఉన్న సార్ ఇంటికి దారి చెప్పాను. సన్మానం అనగానే పెరటి గుమ్మం వెతికే మనిషి ఆయన.

మర్నాడు ఫోన్ మోగింది. "అరె, గల్లీ నిండ డప్పులు! మల్లేశం నన్ను భుజాలకెత్తుకున్నడు. దించుమంటె దించుతలేడు. నువ్వన్న చెప్పరాదు బేటా!"

"డప్పుల సప్పుడుకు ఏం వినవడుతలేదు సార్" అని ఫోన్ పెట్టేశాను.