మల్లెకు చోటు

మాచర్లలో ఇల్లు కట్టుకున్నాక పెరట్లో ఏ మొక్క ఎక్కడ పెట్టాలో మా ఆయనా నేనూ ఫోన్లోనే అనుకున్నాం. ఆయన లారీ డ్రైవరు, నెలకు రెండు రోజులే ఇంట్లో ఉంటాడు.

"పడమటెండకు పూలమొక్క ఏదైనా మాడిపోద్ది. ఆ పక్కన మునగ పెడదాం, దాని నీడన మల్లె బతుకుద్ది," అన్నాడు.

ఇంటికొచ్చిన రెండు రోజులూ గడ్డపారతో రాతినేల పగలగొట్టి గుంటలు తీశాడు, చెరువుమట్టి నింపాడు, స్నానాల నీళ్లు మొక్కలకు పారేలా కాలవ చేశాడు. మళ్లీ లారీ ఎక్కాడు.

మునగ ఎదిగి నీడపట్టాక, మొన్న మల్లె తొలిసారి పూసింది. ఫోటో పంపగానే ఫోన్ చేశాడు.

"ఏమే, వాసన ఎట్టుంది?"

"నువ్వే వచ్చి చూడు," అన్నాను.

ఎప్పుడొస్తావని అడగబోయి ఆగాను. ఆ సాయంత్రం పూలు కోయబుద్ధి కాక, మొక్కకే వదిలేశాను.