మా మేనత్త ఫ్రీయే కదా

పోయిన వారం ఎనిమిదో తరగతి నోటుపుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఇరవై ఆరేళ్లుగా వికారాబాద్‌లో ఇంగ్లీషు చెబుతున్న మనిషిని కాబట్టి పిల్లల తప్పులకు కోపం తెచ్చుకోవడం ఎప్పుడో మానేశాను. ఆ రోజు మాత్రం ఎర్ర పెన్ను బల్ల మీద పడేసి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. ‘ఫ్రీ’ అనే మాట ఇచ్చి, ఎవరికి వాళ్లు సొంతంగా ఒక వాక్యం రాసుకురమ్మన్నాను. సగం మంది ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అని రాశారు. ఇద్దరు షాంపూ ప్యాకెట్ గురించి రాశారు. ఒకడు గైడులోంచి పక్షిని ఎత్తుకొచ్చాడు. వెనక బెంచీ అమ్మాయి ఒకతె ‘మా నానమ్మ ఫ్రీ’ అని రాసింది. పిలిచి అడిగాను, “ఏ అర్థంలో రాశావమ్మా? పనేమీ లేకుండా తీరిగ్గా ఉంటుందనా, డబ్బులు ఇవ్వక్కర్లేదనా?” ఆ పిల్ల క్షణం కూడా ఆలోచించలేదు. “రెండూ టీచర్” అంది.

దిద్దడానికి అందులో ఏమీ కనిపించలేదు. రైటు కొట్టి పంపించాను. కానీ ఆ మాట మీద నాకున్న పాత చిరాకు మళ్లీ లేచి కూర్చుంది. నిఘంటువులో దానికి ఒక పేజీ నిండా అర్థాలున్నాయి. మా ఇంట్లో మాత్రం చాలాకాలం ఒకటే అర్థం, మా మేనత్త.

మా నాన్నకు ఆఖరి చెల్లెలు ఆమె. నాకంటే పద్నాలుగేళ్లు పెద్ద. కుల్కచర్ల దగ్గరి ఊరికి ఇచ్చారు. మాది గొర్రెలు కాచే ఇల్లు, వాళ్లదీ అదే. పంటలు ఎత్తేశాక మామా ఆమే మందను తోలుకుని తాండూరు మీదుగా కర్ణాటక సరిహద్దు దాకా నడిచిపోయేవాళ్లు. దారిలో రైతులు పిలిచి చేలల్లో మంద పెట్టించుకునేవాళ్లు, ఎరువు కోసం. అలా పోయిన ఒక ఎండాకాలం మామకు జ్వరం వచ్చి అటే పోయాడు. పిల్లలు లేరు. అత్త ఏడ్చిందో లేదో నాకు గుర్తు లేదు కానీ, మరుసటి ఏడు కూడా మందను తోలుకుని పోయిందని మాత్రం గుర్తుంది. పాతికేళ్లు అలాగే నడిచింది. తర్వాత మోకాళ్లు మొరాయించాయి, మేసే గుట్టలకు కంచెలు పడ్డాయి, ఒక సంతలో గొర్రెలన్నీ అమ్మేసింది.

అమ్మిన వారానికే తాండూరు నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు అక్కడ నాపరాయి పాలిష్ యూనిట్లో సూపర్‌వైజరు. “అక్కా, అత్త ఇగ ఫ్రీ అయింది” అన్నాడు, ప్రభుత్వం వాళ్లు కొత్త పథకం ప్రకటించినట్టు. నాకూ సంతోషమే అనిపించింది, దాచుకోవడం దేనికి. ఆ ఏడు మా అమ్మాయికి ఇంటర్ పరీక్షలు. నేను బడికి పోతే దానికి వేళకు అన్నం పెట్టే మనిషి కావాలి. అత్త వచ్చింది. అవి అయ్యాయో లేదో మా పెదనాన్నకు హెర్నియా ఆపరేషన్. అత్త వచ్చింది. ఆ వెనకే మా మరదలికి కాన్పు. అత్త తాండూరు పోయింది. ప్రతిసారీ ఎవరో ఒకరు, “అత్త ఫ్రీయే గదా” అనేవాళ్లు. ఆమెకు ఆ మాట కిరాణా కొట్లో విన్న అర్థంలోనే తెలుసు. ఒక రోజు మా ఇంట్లో చేట పట్టుకుని కూర్చుని అడిగింది, “ఏందే, అందరు నన్ను ఫ్రీ ఫ్రీ అంటున్నరు. నాలుగు సబ్బులు కొంటే ఇచ్చే గిన్నెనా నేను?” అందరం విరగబడి నవ్వాం. ఆమె నవ్విందా లేదా అని ఎవరూ చూడలేదు.

ఆ మాట ఆమెను ఎక్కడికి పోయినా వదల్లేదు. పెదనాన్న ఆపరేషన్ అయిన మర్నాడు డాక్టరు వచ్చి, “మోషన్ ఫ్రీగా అవుతోందా?” అని అడిగితే, అత్త కొంగు సర్దుకుని లేచి నిలబడి, “ఫ్రీ ఏడిది సారూ, గిది ప్రైవేటు దవాఖాన గదా” అంది. తాండూరులో మరదలు ఆమెకు నైటీ కొనిచ్చింది. ఫ్రీ సైజు, అందరికీ పడుతుంది అంది. అత్త దాన్ని రెండు చేతులా చాపి చూసి, “దీంట్ల నేను, నా పొట్టేలు ఇద్దరం పడ్తం” అని మడత పెట్టి పక్కన పెట్టేసింది. ఇవన్నీ నేను స్టాఫ్ రూములో చెప్పి నవ్వించిన కథలే. స్టాఫ్ రూములో చెప్పని కథ కూడా ఒకటుంది.

తమ్ముడి ఇంటి పక్కనే బండలు లారీకెత్తే కూలీలు ఉండేవాళ్లు. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన వాళ్లు, కన్నడం మాట్లాడతారు. మందతో తిరిగిన రోజుల్లో అత్తకు ఆ భాష కొంత పట్టుబడింది. పసిబిడ్డను ఎత్తుకుని గడపలో నిలబడి వాళ్లతో మాట కలిపేది, మీదే ఊరు, వానలు పడ్డాయా, జొన్న ఎట్లుంది అని. మరదలి తల్లికి అది నచ్చలేదు. ఆమె ఎవరితోనో ఫోన్లో, “గామె జర ఫ్రీ టైపు. మొగోళ్లతోటి గూడ ఊకె ముచ్చట వెడ్తది” అంది. అత్త చెవిలో పడింది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

“బిడ్డా, నువ్వు ఇంగ్లీషు పంతులమ్మవు గదా. ఫ్రీ టైపు అంటే ఏందే?”

నాకు అర్థమైంది. “కలుపుగోలు మనిషివని అత్తా. మంచి మాటనే” అన్నాను.

 “మంచి మాటైతే మెల్లగ ఎందుకన్నది?” అని అడిగింది. సిగ్నల్ సరిగా లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఇంగ్లీషులో ఎమ్మే చేసిన మనిషిని, ఒక్క మాటకు నిజమైన అర్థం చెప్పడానికి జంకాను.

ఆ తర్వాత ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది. ఊళ్లో అందరికీ అది మంచిదే అయింది, మా అత్తకు మాత్రం దాని వల్ల పని రెట్టింపయింది. అంతకుముందు ఎవరైనా పిలవాలంటే ఆమె ఛార్జీల గురించి ఒక్క క్షణమైనా మొహమాటపడేవాళ్లు. ఇప్పుడు అదీ పోయింది. “బస్సు గూడ ఫ్రీ అయింది గదా అత్తా, పొద్దుగాల ఒచ్చి మాపటికి పో, నీకేం ఫికర్” అనేవాడు తమ్ముడు. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బొడ్లో దోపుకుని, పరిగిలో బస్సు మారి, ఇటు వికారాబాద్, అటు తాండూరు తిరిగేది. దోసకాయ పచ్చడి పెట్టడానికి కూడా పిలిచాం ఒకసారి. నేనే పిలిచాను.

పోయిన ఎండాకాలం నాకు గర్భసంచి తీసెయ్యాలన్నారు. తొందరేం లేదు, వీలు చూసుకుని రండి, తర్వాత నెల రోజులు మాత్రం బరువు ఎత్తకూడదు అంది డాక్టరమ్మ. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అత్తకు ఫోన్ చేశాను. “అత్తా, వచ్చే నెల నువ్వు ఫ్రీయే కదా” అన్నాను. అది ప్రశ్న కాదు. జవాబు కోసం ఆగకుండా నాలుగు చీరలు ఎక్కువ తెచ్చుకోమని కూడా చెప్పేశాను.

“లేను బిడ్డా” అంది.

సరిగా వినపడలేదనుకుని మళ్లీ అడిగాను.

“ఫ్రీగ లేను. నాకు పనున్నది.”

 తమ్ముడికి చెబితే వాడు నాకంటే ఎక్కువ మండిపడ్డాడు. “ఏం పనుంటది అక్కా ఆమెకు? గొర్లున్నయా, గోదలున్నయా?” నాక్కూడా అదే సందేహం. ఒక మంగళవారం సెలవు పెట్టి, ఆమెను వెంట తీసుకొచ్చేద్దామని బయల్దేరాను. పరిగి దాకా నిలబడే పోయాను, బస్సులో ఊపిరి ఆడలేదు. తీరా వెళ్తే తలుపుకు తాళం. పక్కింటామె గిన్నెలు తోముతూ తలెత్తి చూసి, “మంగళారం గదా బిడ్డా, ఇయ్యాల ఉండదు. పొద్దుగాల మొదటి బస్సుకే తాండూరు దిక్కు పోయింది. ప్రతి మంగళారం పోతది” అంది. తమ్ముడికి ఫోన్ చేశాను. అత్త వాళ్లింటి మొహం చూసి మూడు నెలలైందట.  ప్రతి వారం తాండూరు పోతూ సొంత మేనల్లుడి ఇంట్లో అడుగు పెట్టని పని ఏమై ఉంటుంది? ఆ ఎండలో ఆమె అరుగు మీద కూర్చుని, ఆమె మీద, బస్సుల మీద, నా ఖర్మ మీద విసుక్కుంటూ సాయంత్రం దాకా ఎదురుచూశాను.

ఐదు దాటాక బస్సు దిగి, కాళ్ల నిండా దుమ్ముతో వచ్చింది. నన్ను చూసి కంగారు పడలేదు. తాళం తీసి, కుండలో నీళ్లు ముంచి నా చేతికిచ్చి, తనూ తాగి, అప్పుడు చెప్పింది. తాండూరు అవతల, సరిహద్దు మీద ఒక ఊరు. అక్కడ ఒక ముసలామె ఉంది.

“మీ మామ గాడనే పోయిండు గదా” అంది. “మంద గామె చేన్లనే వెట్టినం. జరమొచ్చి మూడొద్దులల్ల పాయె. నాకు సోయి లేదు. తొమ్మిదొద్దులు గామె నాకు బువ్వ వెట్టింది. నా గొర్లకు నీళ్లు గూడ గామెనే తాపింది. ఇప్పుడు మంచంల వడ్డది, నడుమ ఒకడొచ్చి చెప్తే తెలిసింది.”

మామ దారిలో పోయాడని తెలుసు. ఏ ఊళ్లో అని ముప్ఫై ఏళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేదు. అప్పుడైనా ఆ సంగతి నన్ను ఆపాలి. ఆపలేదు.

“ఆమెకు ఎవ్వరు లేరా?”

“కొడుకులున్నరు, కోడండ్లున్నరు. మంచిగనే చూస్తరు.”

“మరి నువ్వు పోయి ఏం చేస్తవు?”

“ఏం జెయ్య. కూసుంట.”

“పొద్దంతా?”

“ఆమె కన్నడ మాట్లాడ్తది, నేను మన మాట మాట్లాడ్త. జర సేపైనంక ఇద్దరం ఊకుంటం.”

“కూసునుడు గూడ ఒక పనేనా అత్తా? నాకు కడుపు కోస్తరు!” అని అరిచాను. పక్కింటామె గోడ మీదుగా తొంగి చూసింది.

అత్త గొంతు పెంచలేదు. “ఒస్త. నెలంత ఉంట. మంగళారం మాత్రం పోత. నడుస్తదా?” అంది.

ఎందుకు నడవదు? వారానికి ఒక్క రోజు. నా భర్త ఇంట్లో ఉంటే సరిపోతుంది. కానీ పొద్దుటి నుంచి పేరుకున్న విసుగంతా నోట్లోకి వచ్చేసింది. “ఏం వద్దు తియ్యి” అనేసి, తిరుగు బస్సు ఎక్కేశాను.

ఆపరేషన్ అయింది. మా ఆయన రాగిజావ కాయడం నేర్చుకున్నాడు. మొదటి నాలుగు రోజులు ఉండలు మింగాను, ఐదో రోజు తాగాను. ఎవరూ చచ్చిపోలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు బత్తాయిలు బల్ల మీద పెట్టి, “ఇప్పుడు నువ్వు పూర్తిగా ఫ్రీ, హాయిగా రెస్ట్ తీసుకో” అని పది నిమిషాల్లో లేచిపోయేవాళ్లు. మధ్యాహ్నం మూడింటికి ఫ్యాను వైపు చూస్తూ పడుకున్నప్పుడు తెలిసింది. నాకు జావ అక్కర్లేదు, మందులు అందించే చెయ్యి అక్కర్లేదు. ఎవరైనా వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, లేవకుండా ఉంటే బాగుండుననిపించింది. అత్త రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. నేను పొడిపొడిగా జవాబు చెప్పేదాన్ని. క్షమించమని అడగడానికి తెలుగులోనూ నాకు మాట దొరకలేదు.

దసరా సెలవుల్లో, పొద్దున పది గంటలప్పుడు గేటు చప్పుడైంది. అత్త. చేతిలో మూట లేదు, సంచి లేదు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, “ఎవరికి బాగలేదు అత్తా?”

“అందరు మంచిగనే ఉన్నరు” అంది, గడపలో కాళ్లు కడుక్కుంటూ. “గామె పోయింది. పోయిన సుక్రారం.”

పక్కకు జరిగి దారి ఇచ్చాను. లోపలికొచ్చి చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. “ఇయ్యాల మంగళారం గదా, పొద్దుగాలనే లేసిన. పరిగి బస్టాండుల నిలవడ్డ. తాండూరు బస్సు ఒచ్చింది, పోయింది. ఎక్కలె. ఇంటికి పోబుద్ధి గాలె. గీ బస్సెక్కిన.”

చాప మీద కందిపప్పు పళ్లెం ఉంది, నేను రాళ్లు ఏరుతూ వదిలేసి లేచిందే. మాట్లాడుతూనే ఆమె చెయ్యి అటు పోయింది. పళ్లెం తీసి అవతల పెట్టేశాను. ఆమె నా వైపు చూసింది. నేను కూడా పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ ఊరి పేరు అడిగాను. ఆ చేను ఎటు వైపు ఉంటుందో అడిగాను. మామ ఆఖరి రోజు ఏమన్నాడని అడిగాను. ఒక్కొక్కటే చెప్పింది, మధ్యలో కన్నడం మాటలు వస్తే వాటిని అలాగే వదిలేసింది. తర్వాత చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆమె రాకముందు పెట్టుకున్న చాయ్ చల్లారిపోయింది, మళ్లీ వేడి చేస్తానని నేను లేవలేదు, ఆమె కూడా లేవలేదు.

అరవై ఆరేళ్ల మా అత్త ఊరికే కూర్చుని ఉండగా చూడడానికి నాకు యాభై రెండేళ్లు పట్టింది.