సాయంత్రం మళ్లీ బిగించే గార్డు

మా ఆయన పని గురించి చెప్పమంటే నాకు ముందు చిరాకే వస్తుంది. పొద్దున ఊడదీసింది సాయంత్రం బిగించడం, బిగించింది వచ్చే ఏడు మళ్లీ ఊడదీయడం. ఇంట్లో నేను అంట్లు తోముతున్నట్టే. కాకపోతే నా అంట్లు తేలిక.

జీపుల్లాంటి పెద్ద బండ్లకు ముందు అడ్డంగా బిగించే ఇనుప గార్డులు మా షెడ్డులో తయారవుతాయి. బోర్డు మీద బుల్ బార్లని రాసి ఉంటుంది గానీ నోటితో అందరూ గార్డనే అంటారు. ఏ బండికి పెట్టే గార్డునైనా ఆ బండి మీద పరీక్షించి ముద్ర వేసి ఉండాలని నిబంధన. మేం పైపులు వంచి వెల్డింగ్ చేసే వాటికి ముద్రా లేదు, పాడూ లేదు. అందుకే ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లే రోజు పొద్దున్నే వచ్చి గార్డు తీయించుకుంటారు. పాసయ్యాక సాయంత్రం మళ్లీ పెట్టించుకుంటారు. మా వీధిలో షెడ్డులన్నీ ఇలాగే బతుకుతున్నాయి. తీసిన గార్డును మా ఆయన గోడకు ఆనించి, అది ఎవరిదో దాని మీద సుద్దతో రాస్తారు. తర్వాత తలెత్తకుండానే అడుగుతారు, "సాయంత్రం ఎన్నింటికి వస్తారు?" అని. ఒకసారి నిద్రలో నన్ను కూడా అదే అడిగారు.

షెడ్డు వెనకే మా ఇల్లు. అన్నానికి కూర్చుంటే ఆయన కుడి చెయ్యి సరిగా పైకి లేవదు. భుజానికి మందు రాస్తూ నేను సణుగుతుంటే కళ్లు మూసుకుని ఊఁ కొడతారు. నిబంధన మాటెత్తితే, పరీక్ష గేటు దాటాక ఎవరు చూడొచ్చారనేవారు.

బేకరీ నడిపే ఒకాయన వచ్చిన రోజు నుంచి ఆ మాట అనడం మానేశారు. ఆ పెద్దమనిషి పొద్దున గార్డు తీయించుకుని, పరీక్ష పాసై, తిరిగొస్తూ ఆగి ఉన్న లారీని గుద్దాడు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంది. ముక్కు వాచి, కళ్లద్దాలు విరిగినా తన కాళ్ల మీదే నడిచొచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాడు. గార్డు ఉంటే బండి అంత నుజ్జయ్యేది కాదట.

మా ఆయన గోడకున్న గార్డు వంక చూసి నెమ్మదిగా అన్నారు, "బండికి ఇంత దెబ్బ తగిలేది కాదేమోనండి. మీకు తగిలేదేమో."

గార్డు నేరుగా బండి అడుగు చట్రాన్ని, అంటే ఛాసిస్‌ను పట్టుకుని ఉంటుంది. దెబ్బ దాని మీదుగా మరోలా వెళ్తే, దెబ్బను పసిగట్టే సెన్సర్ పొరబడి ఎయిర్‌బ్యాగ్ ఆలస్యంగా తెరుచుకోవచ్చు, అసలు తెరుచుకోకపోవచ్చు. తప్పకుండా అలాగే జరుగుతుందని కాదు. జరగదని చూసుకోవడానికే ఆ ముద్ర. ఇదంతా మా ఆయనకు తెలియనిది కాదు, పట్టించుకోనిది. ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. ఏమిటని గుచ్చి గుచ్చి అడిగితే, "అక్క ముందు సీట్లోనే కూర్చుంటుంది" అన్నారు.

ఆయన అక్క, అంటే మా వదిన, వాళ్లాయనతో కలిసి భవనాలు కట్టే చోట కూలీలకు భోజనాలు తీసుకెళ్లి పెడుతుంది. వాళ్లు బండి కొన్నప్పుడు మా ఆయనే ముచ్చటపడి గార్డు చేసిచ్చారు. అంత నున్నగా మరొకటి చేయలేదు. రోజూ వదిన ఒళ్లో గరిటెల బుట్ట పెట్టుకుని దాని వెనకే కూర్చుంటుంది.

కొద్ది రోజులకే వాళ్ల బండికీ పరీక్ష వచ్చింది. పొద్దున గార్డు తీశారు. సాయంత్రం దంపతులిద్దరూ వచ్చేసరికి మా ఆయన చేతులు తుడుచుకుంటూ, ఇక బిగించనని చెప్పేశారు. ముద్ర ఉన్నది పెడదామంటే ఆ మోడల్‌కు బజారులో దొరకదు. మా ఆయన బావగారిదీ మొండితనం కాదు. పోయిన వానాకాలం గేదె అడ్డొచ్చినప్పుడు రేడియేటర్‌ను కాపాడింది ఆ గార్డే. బండి ఆగిపోతే ఆ పూట కూలీలకు అన్నం లేనట్టే. నువ్వు చేసిన దాని మీద నీకే నమ్మకం లేదా అని ఆయన నిలదీస్తే, లేదనే చెప్పారు మా ఆయన.

వదిన తమ్ముడి వైపు తిరిగింది.

"ఇన్నేళ్లూ నేను దాని వెనకే కూర్చున్నాను కదరా. అప్పుడు గుర్తు రాలేదా?"

"రాలేదక్కా."

ఆయన మీద జాలీ, ఒళ్లు మండేంత కోపమూ నాకు ఒకేసారి వచ్చాయి. బావగారు ఇద్దరు మనుషుల్ని పిలిచి గార్డును ఎదురు షెడ్డుకు మోయించారు. అక్కడ బోల్టులు బిగుస్తుంటే మా ఆయన కదలకుండా చూస్తూ నిలబడ్డారు. పని అయ్యాక బండి మా గుమ్మం ముందు ఆగింది. వదిన ఎక్కలేదు.

"మీరు పదండి. నేను బస్సులో వస్తాను" అంది.

మర్నాటి నుంచి పనికి కూడా బస్సులోనే. మధ్యలో ఒక బస్సు మారాలి. ఆమె చేరేసరికి సగం వడ్డన అయిపోయేది. బావగారు ఒక్కరే బండి తోలుకెళ్లి, గిన్నెలు దించి, వడ్డించి నడుం పట్టుకునేవారు. ఇటు మా షెడ్డూ పలచబడింది. ముద్ర లేనివి బిగించనంటే ఎవరొస్తారు? సాయంత్రాలు ఎదురు షెడ్డులో స్పానర్ల చప్పుడు వింటూ మా ఆయన ఊరికే కూర్చునేవారు. బుద్ధి వచ్చింది సరే, గిరాకీ ఎటు పోయిందని నేను దెప్పాను కూడా.

ఒక పొద్దున బావగారి బండి వచ్చి ఆగింది. పరీక్ష ఏమీ లేదు. పక్క సీట్లో గరిటెల బుట్ట ఒక్కటే ఉంది. ఆయన దిగి, గార్డు ముందు కాసేపు నిలబడి తల గోక్కున్నారు.

"తీసెయ్యరా" అన్నారు.

మా ఆయన స్పానర్ అందుకుని పని మొదలుపెట్టారు. గార్డు ఊడదీసి, మోసుకొచ్చి గోడకు ఆనించారు. సుద్ద కోసం జేబులో చెయ్యి పెట్టి, అలవాటు చొప్పున తలెత్తకుండానే అడిగారు.

"సాయంత్రం ఎన్నింటికొస్తావు బావా?"

"రాను. మీ అక్క బస్సెక్కేలోపు వెళ్లాలి, తొందరగా కానీ."

మా ఆయన సుద్దముక్కను కాసేపు చేతిలో పట్టుకుని, మళ్లీ జేబులో వేసుకున్నారు.