నిండు టాంకీ మీద రాసిన మాట

తమిళం మాట్లాడే సేదరపేట్‌లోని సీసాల ఫ్యాక్టరీలో అందరూ ఆదికేశవన్‌ను గాలి మేస్త్రీ అంటారు. ఆ పిలుపు వింటే ఆయనకు ఎక్కడలేని హుషారు. పగలంతా కప్పు మీది సోలార్ పలకలు కంప్రెసర్‌ను తిప్పుతాయి. ఆ గాలిని రెండు పెద్ద టాంకీల్లో బిగించి పెడితే, పొద్దు వాలాక మిషన్లను అదే నడుపుతుంది. కంప్రెసర్ వేడి కూడా వృథా పోదు, సీసాలు కడిగే నీళ్లు కాస్తుంది. ఇంత సంసారం తన చేతిమీదే నడుస్తోందని ఆయన ధీమా.

ఇంట్లో తెలుగే, కానీ చదివింది తమిళ బడిలో కాబట్టి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అవతలి షిఫ్టు చూసే ముకుందన్ ఆయన బావమరిది. ఒకరికొకరు చెప్పుకోవలసింది టాంకీ మీద సుద్దతో, తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసుకుంటారు. అదో ముచ్చట వాళ్లకు.

ఆ సోమవారం ఒక టాంకీకి లోపలి గాలి ఎంతో చూపే మీటరు రిపేరుకు పోయింది. లోపల నిండా గాలి. ముట్టుకోవద్దని ముకుందన్‌కు తెలియడానికి ఆదికేశవన్ దాని మీద 'గాలి' అని రాసి ఇంటికెళ్లాడు. ముకుందన్‌కేమో జ్వరం. బదులుగా వచ్చిన ఎళిలరసన్ కొత్త ఫిట్టరు, తెలుగు ముక్క తెలియనివాడు. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. అతను 'కాలి' అని చదివాడు. తమిళంలో ఆ మాటకు ఖాళీ అని అర్థం. కడుగుదామని చిన్న మూత బోల్టులు విప్పాడు. మూత ఎగిరొచ్చి ముఖాన్ని కొట్టింది. కుడికన్ను అక్కడే పోయింది.

గోరిమేడు ఆసుపత్రిలో దెబ్బతిన్న ఎడమకన్నునైనా దక్కించాలని ఆపరేషన్ జరుగుతోంది. చూసుకోకుండా విప్పడం అతని తప్పేనని మేనేజరు అప్పుడే తేల్చేశాడు.

"బావా, నువ్వేం చెప్పబాక. పని పోతుంది," అన్నాడు జ్వరంతోనే వచ్చిన ముకుందన్ వరండాలో.

"యాడ దాచేది ముకుందా? నేను రాసిందేంది, ఆ అబ్బి చదివిందేంది!"

ఆదికేశవన్ వెళ్లి ఎళిలరసన్ తల్లి అన్నమ్మాళ్‌కు తమిళంలో అంతా చెప్పేశాడు. ఆమె ఇంకా అర్థం చేసుకుంటుండగానే డాక్టరు బయటికొచ్చి, ఎడమకన్ను కూడా దక్కలేదన్నాడు.

ఆమె ఏడవలేదు. "నా కొడుకు సరిగ్గానే చదివాడా అన్నా?"

"సరిగ్గానే చదివాడమ్మా."

"నువ్వూ సరిగ్గానే రాశావా?"

"రాశానమ్మా."

"మరి వాడి కళ్లెందుకు పోయాయి?"

ఎవరిని తిట్టమంటారు ఆమెను? ఆదికేశవన్ అక్కడే నేలమీద కూలబడి బావురుమన్నాడు.